నర్సింగ్ విద్యలో మాట నేర్పు: అనుకరణ శిక్షణ ఆవశ్యకత

మానవ సేవారంగాలలో వైద్యానికి అగ్రస్థానం ఇవ్వడం అన్ని జాతులలోను అనాదిగా వస్తున్న ఆచారం. అయితే వైద్యం అనగానే మన మనస్సులో మెదిలేది వైద్యుని మూర్తి మాత్రమే. రోగి మంచం ప్రక్కన రాత్రింబవళ్ళు నిలిచే నర్సు మనకు వెంటనే స్ఫురించదు. వైద్యుడు ఉదయమొకసారి, సాయంత్రమొకసారి వార్డుకు వచ్చి, పరీక్షించి, మందులు వ్రాసి వెళ్ళిపోతాడు. ఆ మందును వేళకు అందించేది, రోగి మూలుగు వినేది, బంధువుల ప్రశ్నలకు సమాధానం చెప్పేది, వారి కోపానికి మొదట గురి అయ్యేది నర్సే. ఆమెకు సూది వేయడం చేతితో చేయించి నేర్పుతున్నాము. కట్టు కట్టడం, రక్తపు పోటు చూడడం పదిసార్లు చేయించి నేర్పుతున్నాము. కోపంతో ఊగిపోతున్న మనిషి ఎదుట నిలిచి మాట్లాడడం మాత్రం పాఠ్యగ్రంథంలో ఒక అధ్యాయంగా చదివించి, తక్కినది అనుభవం మీద అదే వస్తుందని వదలివేస్తున్నాము. ఆ అనుభవం వచ్చేలోపల జరిగే నష్టాన్ని ఎవరి ఖాతాలో వ్రాయాలి? ఈ ప్రశ్నే ఈ వ్యాసానికి ప్రేరణ.

తెలుగు బోధించుకొనే మాకు ఈ విషయంతో ఏమి పని అని కొందరికి సందేహం కలుగవచ్చు. మన కళాశాలలో చదివిన బాలికలు కొందరు నర్సింగ్ శిక్షణకు వెళుతున్నారు. ఇకముందు మరింతమంది వెళ్ళాలని మా ఆకాంక్ష. ఇది యిట్లా ఉండగా, ఆసుపత్రిలో తగవు పుట్టేది మాటలోనే, తీరేది కూడా మాటలోనే. మాట ఉన్న చోటెల్లా భాషా బోధకునికి కొంత బాధ్యత ఉన్నది. పైగా ఉర్దూ, తెలుగు అనే రెండు భాషల నడుమ మెలగే మన విద్యార్థినులకు, ఒక భాషలో మర్యాద అయినది మరొక భాషలో కరకుగా ఎట్లా వినిపిస్తుందో ఒకరు చెప్పవలసిన అవసరం లేదు.

చరిత్ర చెప్పే పాఠం

పరిచర్య మన సమాజానికి పరాయి విద్య కాదు. హిజ్రీ తొలి సంవత్సరాలలోనే, క్రీస్తు శకం 627లో జరిగిన కందక యుద్ధ కాలంలో, రుఫైదా అనే మహిళ మదీనాలోని మస్జిదు ఆవరణలో గుడారం వేసి క్షతగాత్రులకు సేవ చేసిందని, గాయపడిన సాద్ ఇబ్న్ ముఆజ్ ను ప్రవక్త (స) ఆమె గుడారానికే పంపించారని మన చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. ముస్లిం బాలికలకు నర్సింగ్ వృత్తి తగదని అనుకొనేవారు ఈ ఒక్క పేరు జ్ఞాపకం పెట్టుకొంటే చాలును.

ఆధునిక నర్సింగ్ కు పునాది వేసిన ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితంలో, మన విషయానికి సరిగా పనికివచ్చే ఘట్టమొకటి ఉన్నది. క్రిమియా యుద్ధ కాలంలో, 1854 నవంబరులో ఆమె 38 మంది స్త్రీలతో తుర్కుల దేశంలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరుకొన్నది. అక్కడి సైనిక వైద్యులు ఆమెను ఆదరించలేదు. తమ వార్డులలో స్త్రీల జోక్యం ఎందుకన్నారు. ఆమె వారితో వాదానికి దిగలేదు. వైద్యులు స్వయంగా కోరేవరకు ఏ నర్సూ రోగిని తాకరాదని తన వారికి కట్టడి చేసి, ఇతర పనులలో నియోగించింది. కొద్ది రోజులలోనే ఇంకర్మన్ యుద్ధంలో గాయపడినవారు తండోపతండాలుగా వచ్చి పడగా, వైద్యులే వచ్చి సహాయం అడిగారు. ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఆగాలి, ఎక్కడ పట్టు విడువరాదు అన్నది ఆమెకు తెలుసు. 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఆమె పేరిట శిక్షణాలయం వెలసింది. ఆమె చేతి విద్య శిక్షణాలయాల ద్వారా లోకమంతటా వ్యాపించింది. ఆమె చూపిన మాట విద్య అంత సులభంగా వ్యాపించలేదు.

వార్డులో తగవులు

ఆసుపత్రిలో సంఘర్షణ అనగా కేవలం చేయి చేసుకోవడం కాదు. అది నాలుగు విధాలుగా కనిపిస్తుంది. మొదటిది రోగి బంధువులతో వచ్చేది. మంచం దొరకలేదని, సెలైన్ అయిపోయినా ఎవరూ రాలేదని, మందులు బయట కొనుక్కురమ్మన్నారని, ఒకరికి మించి లోపలికి రానీయలేదని మొదలయ్యే తగవులు ఈ కోవలోనివి. రెండవది వైద్యునితో వచ్చేది. మందు మోతాదు ఎక్కువగా ఉన్నదని నర్సుకు తోచినా చెప్పవచ్చునా, చెప్పరాదా అనే సంకటం ఇది. మూడవది తోటి నర్సుల మధ్య వచ్చేది: డ్యూటీ అప్పగింతలలో, సెలవులలో, పని పంపకంలో పుట్టే మనస్పర్థలు. నాలుగవది రోగి నమ్మకానికీ వైద్య నియమానికీ మధ్య వచ్చేది. స్త్రీ రోగిని స్త్రీయే పరీక్షించాలని పట్టుపట్టడం, ఉపవాస దినాలలో మందు నిరాకరించడం ఇట్లాంటివి.

వీటిని ఎదుర్కొనే మార్గాలను 1974లో కెన్నెత్ థామస్, రాల్ఫ్ కిల్మన్ అనే ఇద్దరు అమెరికా పండితులు ఐదుగా వర్గీకరించారు. పోటీపడి నెగ్గుకోవడం, ఎదుటివారికి లొంగిపోవడం, తప్పించుకొని పోవడం, చెరిసగం ఒప్పుకోవడం, ఇద్దరూ కలిసి మూలాన్ని వెదకి పరిష్కరించుకోవడం. వీటిలో ఏదీ సర్వకాలాలకు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. కత్తి పట్టుకొన్నవాని ముందు తప్పుకోవడమే వివేకం. సెలవు రోజు విషయంలో చెరిసగం న్యాయం. మందు మోతాదు విషయంలో మాత్రం చెరిసగం ఒప్పందమంటే సగం విషానికి ఒప్పుకోవడమే. ఏ సందర్భంలో ఏ మార్గం అన్నది క్షణంలో తేల్చుకోవలసి ఉంటుంది. ఆ క్షణంలో పుస్తకం తెరచి చూసుకొనే వ్యవధి ఉండదు.

తెలిసినా చేయలేకపోవడం

"మంచి చెడ్డలు తెలిసిన పిల్లకు వేరే అభ్యాసం ఎందుకు?" అని అడిగేవారు ఉన్నారు. వారికి 1966లో ప్రచురితమైన ఒక ప్రయోగం జవాబు చెబుతుంది. హాఫ్లింగ్ అనే మనోవైద్యుడు, ఆయన సహచరులు అమెరికాలోని ఆసుపత్రులలో దీనిని జరిపారు. ముఖమైనా ఎరుగని ఒక "డాక్టరు" వార్డుకు ఫోన్ చేసి, ఫలానా రోగికి ఫలానా మందు 20 మిల్లీగ్రాములు ఇవ్వమని నర్సును ఆదేశిస్తాడు. సీసా మీద గరిష్ఠ మోతాదు 10 మిల్లీగ్రాములని స్పష్టంగా వ్రాసి ఉన్నది. పైగా ఫోన్ మీద ఆదేశాలు తీసుకోరాదన్నది ఆసుపత్రి నియమం. సీసాలో ఉన్నది హాని లేని పదార్థమే గాని, ఆ సంగతి నర్సులకు తెలియదు. 22 మంది నర్సులలో 21 మంది మందు తీసుకొని రోగి వైపు నడిచారు. అక్కడ వారిని ఆపివేశారు.

ఇంతకన్న ఆలోచింపజేసే భాగం మరొకటి ఉన్నది. ఇదే సందర్భాన్ని కాగితం మీద వివరించి, మీరైతే ఏమి చేస్తారని వేరే 12 మంది నర్సులను, 21 మంది నర్సింగ్ విద్యార్థినులను అడిగారు. నర్సులలో 10 మంది ఇవ్వమన్నారు. విద్యార్థినులు 21 మందికి 21 మంది ఇవ్వమనే అన్నారు. పరీక్ష కాగితం మీద దాదాపు అందరూ ఉత్తీర్ణులే. ఫోన్ మ్రోగినప్పుడు మాత్రం దాదాపు అందరూ తప్పారు. తెలియడానికీ చేయడానికీ నడుమ ఉన్న ఈ అగాధాన్ని ఎన్ని ఉపన్యాసాలూ పూడ్చలేవు.

ఇది పాత కాలపు సంగతి అనుకోనక్కరలేదు. 2005 మార్చిలో ఇంగ్లండులో ఎలెయిన్ బ్రొమైలీ అనే 37 ఏళ్ళ గృహిణి, ఇద్దరు పిల్లల తల్లి, సైనస్ కు సంబంధించిన చిన్న శస్త్రచికిత్సకు వెళ్ళింది. మత్తు ఇచ్చిన తరువాత ఆమెకు ఊపిరి అందకుండా పోయింది. అనుభవజ్ఞులైన వైద్యులు గొట్టం వేయడానికే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ కాలాన్ని మరచిపోయారు. గొంతుకు రంధ్రం చేసే సామగ్రి తెచ్చి, సిద్ధంగా ఉన్నదని ఒక నర్సు చెప్పింది. మరొక నర్సు తీవ్ర చికిత్సా విభాగంలో మంచం కోసం ఫోన్ చేసి, తాను అతిగా ప్రవర్తిస్తున్నానని వైద్యులు అనుకొన్నట్లు తోచి, దానిని రద్దు చేసింది. ఏమి చేయాలో వారికి తెలుసు. దానిని ఎట్లా గట్టిగా చెప్పాలో తెలియలేదు. 13 దినాల తరువాత ఆమె మరణించింది. ఆమె భర్త మార్టిన్ బ్రొమైలీ విమాన చోదకుడు. ఆయన ఎవరినీ శిక్షించమని కోరలేదు. ఇతరులు దీనినుండి నేర్చుకోవాలని కోరి, వైద్యరంగంలో మానవ సంబంధమైన పొరపాట్ల నివారణకు ఒక సంస్థను నెలకొల్పారు.

ఆయన వృత్తిలో ఇట్లాంటి పాఠం అప్పటికే నేర్చుకొని ఉన్నారు. 1977లో టెనెరీఫ్ విమానాశ్రయంలో రెండు పెద్ద విమానాలు ఢీకొని 583 మంది మరణించారు. రన్‌వే మీద మరొక విమానం ఉన్నదేమోనని ఇంజనీరు వ్యక్తపరచిన సందేహాన్ని సీనియరు కెప్టెన్ త్రోసివేశాడు. ఆ తరువాతనే, క్రింది ఉద్యోగి పై ఉద్యోగికి ధైర్యంగా చెప్పడం, పై ఉద్యోగి వినడం అనే రెండు విషయాలనూ విమానయానంలో పని గట్టుకొని నేర్పసాగారు. వైద్యరంగం ఆ విద్యను వారి నుండే గ్రహించింది.

అనుకరణ శిక్షణ అనగా నేమి?

సిమ్యులేషన్ అని నేడు పిలుస్తున్న ఈ పద్ధతి మూలం కొత్తది కాదు. గుమ్మడి, సొర వంటి కాయల మీద కోత అభ్యాసం చేసిన తరువాతనే శిష్యుడు మనిషి మీద శస్త్రం పట్టాలని మన దేశంలో సుశ్రుతుడు విధించాడు. 18వ శతాబ్దిలో ఫ్రాన్సు రాజు ప్రోత్సాహంతో మదామ్ దు కూద్రే అనే మంత్రసాని, బట్టతో గర్భాశయపు నమూనా కుట్టించి, ఊరూరా తిరిగి ప్రసవ విద్య నేర్పింది. 1911లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సుల పాఠశాల కోసం, బొమ్మలు చేసే మార్థా చేజ్ ఒక నిలువెత్తు బొమ్మను తయారుచేసి ఇచ్చింది. "మిసెస్ చేజ్" అని పేరుపడిన ఆ బొమ్మ మీద ఎన్నో తరాల నర్సులు పని నేర్చుకొన్నారు. 1960లో నార్వే దేశపు బొమ్మల వ్యాపారి లేర్డల్ గుండె, ఊపిరి నిలిపే అభ్యాసానికి మరొక బొమ్మను చేశాడు.

బొమ్మ మూలుగదు, తిట్టదు, ఏడ్వదు. కావున మాట నేర్పడానికి బొమ్మ చాలదు. 1963లో హోవర్డ్ బారోస్ అనే అమెరికా వైద్యుడు, రోగి వలె నటించడానికి శిక్షణ పొందిన మనిషిని వైద్య విద్యార్థుల ముందు కూర్చోబెట్టడంతో ఆ లోపం తీరింది. సంఘర్షణ నివారణకు వాడుతున్నది ముఖ్యంగా ఈ పద్ధతే.

దీనికి మూడు అంగాలు ఉన్నవి. మొదటిది ముందస్తు వివరణ: ఇది పరీక్ష కాదని, ఇక్కడ జరిగిన పొరపాటు ఈ గది దాటిపోదని విద్యార్థినికి హామీ ఇవ్వాలి. రెండవది ఘట్టం: పది, పదిహేను నిమిషాలపాటు, ముందుగా వ్రాసిన సందర్భాన్ని నటులు నడిపించగా విద్యార్థిని నర్సుగా వ్యవహరిస్తుంది. మూడవది సమీక్ష. ఘట్టానికి పట్టిన కాలానికి రెట్టింపు కాలం దీనికి కేటాయించాలి. ఏమి జరిగింది, ఆ క్షణాన నీకు ఏమనిపించింది, ఎదుటివారికి ఏమనిపించింది, మళ్ళీ అయితే ఏమి చేస్తావు అని ఒక్కొక్కటిగా అడగాలి. తరువాత అదే ఘట్టం మళ్ళీ నడపాలి. నిజమైన విద్య ఈ సమీక్షలోనే ఉన్నది. అది లేని అనుకరణ వట్టి నాటకం.

ఒక ఘట్టం

మన ప్రాంతానికి తగిన ఘట్టమొకదానిని ఊహించుకొందాము. రమజాన్ మాసం, మధ్యాహ్నం నాలుగు గంటలు. మధుమేహంతో చేరిన వృద్ధునికి ఒళ్ళంతా చెమట పట్టింది, చేతులు వణకుతున్నవి. రక్తంలో చక్కెర 52కు పడిపోయింది. గ్లూకోజు ఎక్కించడానికి నర్సు వచ్చింది. ఆమె తెలుగు పిల్ల, ఉర్దూ రాదు. వృద్ధుడు చేయి వెనక్కు లాక్కొన్నాడు. కొడుకు అడ్డం వచ్చి, "ఇంకా రెండు గంటలైతే ఇఫ్తార్. మా అబ్బా రోజా చెడగొడతారా? మీకు రోజా అంటే తెలుసా?" అని గొంతు పెంచాడు.

మొదటిసారి విద్యార్థిని సాధారణంగా ఇచ్చే జవాబు ఇది: "మా రూల్సు మాకుంటాయి. వద్దంటే సంతకం పెట్టి తీసుకుపోండి." ఇందులో అబద్ధమేమీ లేదు. అయినా ఆ మాటతో తగవు రెట్టింపు అవుతుంది. వృద్ధుని ప్రాణం ఆ తగవు నడుమ వ్రేలాడుతుంది.

సమీక్షలో కొడుకు వేషం వేసినవాడు చెప్పేది వినాలి. "సంతకం పెట్టి తీసుకుపోండి అన్నప్పుడు, మమ్మల్ని గెంటివేస్తున్నట్లు అనిపించింది. తరువాత మీరు చెప్పింది నాకు వినబడలేదు" అని అతడు అంటే, అది ఏ పాఠ్యగ్రంథమూ చెప్పలేని సంగతి. అక్కడ కూర్చున్న ముస్లిం విద్యార్థిని ఒకతె, రోగులు ఉపవాసాన్ని విడిచి తరువాతి దినాలలో తీర్చుకోవచ్చునని ఖుర్ఆన్ లోని బఖరా సూరా అనుమతించిందని చెప్పవచ్చు. కాని ఆ మాట నర్సు నోట ఉపదేశంగా రాకూడదని, వారి నోటనే రప్పించాలని మరొకతె సూచించవచ్చు.

రెండవసారి నర్సు ముందుగా సహాయానికి మరొకరిని పిలిచి, డాక్టరుకు కబురు పంపి, మంచం ప్రక్కన వంగి, "చాచా, చేతులు వణకుతున్నాయా? కళ్ళు తిరుగుతున్నాయా?" అని రోగినే అడుగుతుంది. పిమ్మట కొడుకు వైపు తిరిగి, "భాయ్, రోజా మీకు ఎంత పెద్దదో నేను కాదనను. చక్కెర 52కు పడింది. ఇప్పుడు ఎక్కించకపోతే ఇఫ్తార్ వేళకు చాచాకు తెలివి ఉండకపోవచ్చు. జబ్బుపడ్డవారి రోజా గురించి మీ పెద్దలు ఏమి చెబుతారో మీకే బాగా తెలుసు. మీరు ఆయన చేయి పట్టుకోండి, నేను సూది పెడతాను" అంటుంది. ఇందులో లొంగిపోవడం లేదు, కసరుకోవడమూ లేదు. కొడుకుకు కోపం స్థానంలో ఒక పని ఇవ్వడం జరిగింది.

వైద్యునితో భేదం వచ్చినప్పుడు పనికివచ్చే మెట్లు కూడా ఇట్లాగే అభ్యసించవచ్చు. అమెరికా ప్రభుత్వ సంస్థలు 2006లో విడుదల చేసిన "టీమ్‌స్టెప్స్" శిక్షణలో మూడు మెట్లున్నవి. మన నుడికారంలో అవి ఇట్లా ఉంటాయి: "సార్, ఈ మోతాదు చూస్తే నాకు ఆందోళనగా ఉన్నది." వినకపోతే, "సార్, ఇది ఇవ్వడానికి నాకు మనసు ఒప్పడం లేదు." అప్పటికీ వినకపోతే, "సార్, ఇది రోగి ప్రాణానికి సంబంధించినది. ఒక్క నిమిషం ఆగి సరిచూద్దాము." మూడు వాక్యాలే. అయినా, పెద్దల ముందు నోరెత్తరాదని పెంచిన మన ఇళ్ళలోని ఆడపిల్లకు ఈ మూడవ వాక్యం పలకడం ఎంత కష్టమో మనకు తెలుసు. నోటికి అలవాటు లేని మాట ఆపద వేళ రాదు. తాలీంఖానాలో పట్టు నేర్వనివాడు గోదాలో దిగి పట్టు వేయగలడా?

ఆక్షేపణలు, సమాధానాలు

మొదటి ఆక్షేపణ, ఇది నాటకమే గదా, నిజమైన రోగి దగ్గర నేర్వవలసిన కాలాన్ని ఇందులో గడపడమెందుకు అని. అమెరికా నర్సింగ్ బోర్డుల జాతీయ సమితి పది నర్సింగ్ విద్యాలయాలలో జరిపి 2014లో ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానం. ఆసుపత్రి శిక్షణా కాలంలో నాలుగవ వంతుకు, కొందరి విషయంలో సగానికి బదులుగా, సుశిక్షితులైన అధ్యాపకుల చేత అనుకరణ శిక్షణ ఇప్పించినా, విద్యార్థుల జ్ఞానంలో గాని, నైపుణ్యంలో గాని తగ్గుదల కనబడలేదు. మన భారతీయ నర్సింగ్ కౌన్సిల్ సైతం 2021లో ప్రకటించిన బి.ఎస్‌సి. నర్సింగ్ నూతన పాఠ్యప్రణాళికలో అనుకరణ శిక్షణకు చోటు కల్పించింది. అయితే అనుకరణలో ప్రయోగశాల, యంత్రం, బొమ్మ అనేవి మాత్రమే మన సంస్థల కంటికి కనబడతాయేమోనని, మాట అభ్యాసం మళ్ళీ వెనుకబడుతుందేమోనని మా భయం.

రెండవది ఖర్చు. శ్వాసించే, మాట్లాడే బొమ్మలకు లక్షల రూపాయలు అవుతాయన్నది నిజం. మాట నేర్పడానికి అవి అక్కరలేదు. ఒక గది, ఒక మంచం, నలుగురు నటులు, చక్కగా వ్రాసిన ఘట్టం, సమీక్ష నడపడం నేర్చిన ఒక అధ్యాపకురాలు ఉంటే చాలును. ఈ జాబితాలో విలువైనది చివరిదే. విద్యార్థినిని పదిమందిలో తప్పుపట్టి ఏడిపించే సమీక్షకురాలి చేతిలో ఈ పద్ధతి మేలుకన్న కీడే ఎక్కువ చేస్తుంది.

మూడవ ఆక్షేపణను మేము అన్నిటికన్న గంభీరంగా పరిగణిస్తున్నాము. నర్సుకు మాట నేర్పితే చాలునన్నట్లు ప్రవర్తిస్తే, దెబ్బతిన్న నర్సునే తప్పుపట్టే ప్రమాదం ఉన్నది. "నీవు సరిగా మాట్లాడి ఉంటే అతడు చేయి చేసుకొనేవాడు కాదు" అనే నింద ఆమెకు రెండవ దెబ్బ. 2023 మేలో కేరళలోని కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో, చికిత్స కోసం పోలీసులు తీసుకువచ్చిన వ్యక్తియే యువ వైద్యురాలు వందనాదాస్ ను పొడిచి చంపాడు. అక్కడ ఏ మధుర వాక్కు రక్షించగలిగేది? కావుననే మంచి అనుకరణ శిక్షణలో తలుపు వైపు దారి ఉంచుకొని నిలబడడం, ఒంటరిగా మిగలకపోవడం, మాట పనిచేయని ఘడియను గుర్తించి తప్పుకోవడం కూడా నేర్పుతారు.

చట్టాలు లేకపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లో 2008లో వచ్చిన చట్టం, వైద్య సేవకుల మీద హింసకు మూడు సంవత్సరాల వరకు కారాగారం, 50,000 రూపాయల వరకు జరిమానా విధించింది. కోవిడ్ కాలంలో, 2020లో, కేంద్రం అంటువ్యాధుల చట్టాన్ని సవరించి ఇట్లాంటి హింసకు ఐదు సంవత్సరాల వరకు, తీవ్రమైన గాయమైతే ఏడు సంవత్సరాల వరకు శిక్ష నిర్ణయించింది. చట్టం దెబ్బ తగిలిన తరువాత వస్తుంది. దెబ్బకు ముందు రావలసినవి చాలినంతమంది నర్సులు, గేటు దగ్గర కాపలా, బంధువులకు సంగతులు చెప్పే ఒక ఉద్యోగి, చెప్పిన వేళకు వచ్చే వైద్యుడు. ఒక్కతె నలభై మంది రోగులను చూసుకొంటున్న చోట, నర్సు మాట ఎంత తీయనైనా, వేచి ఉన్నవారి ఆకలి తీరదు. సిబ్బంది కొరతను శిక్షణ పేరుతో కప్పిపుచ్చరాదు.

ఇందుకు తోడు, నర్సుకు చెప్పడం నేర్పి వైద్యునికి వినడం నేర్పకపోతే, శిక్షణ సగమే అవుతుంది. మూడవ వాక్యం పలికిన నర్సు మీద డాక్టరు విసుక్కొంటే, ఆమె మరునాడు మొదటి వాక్యం కూడా పలకదు. కావున వైద్య విద్యార్థులు, నర్సింగ్ విద్యార్థినులు ఒకే గదిలో, ఒకే ఘట్టంలో కూర్చోవాలి. వేషాలు మార్చుకోవాలి కూడా: ఒకసారి కాబోయే డాక్టరు నర్సు కావాలి, ఒకసారి రోగి కొడుకు కావాలి. మోకాళ్ళ మీద తల పెట్టుకొని వరండాలో రాత్రంతా కూర్చున్న మనిషి కోపం ఎక్కడినుండి వస్తుందో అప్పుడు గాని తెలియదు.

మన కళాశాల చేయదగినది

ఇందులో మన వంతు ఏమిటి? మనది నర్సింగ్ కళాశాల కాదు. అయినా నర్సింగ్ పాఠశాలలకు దొరకని సంపద మన దగ్గర ఉన్నది: రెండు భాషలు ధారాళంగా మాట్లాడే విద్యార్థులు. హైదరాబాదు, కర్నూలు, కడప, గుంటూరు ఆసుపత్రులలో ఉర్దూ మాట్లాడే రోగికీ తెలుగు మాట్లాడే నర్సుకూ మధ్య ఎన్ని అపార్థాలు పుడుతున్నాయో లెక్కలు అవసరం లేదు. రోగి బంధువులుగా మనలో ప్రతి ఒక్కరూ ఎరిగినదే. సమీపంలోని నర్సింగ్ పాఠశాలతో ఒడంబడిక చేసుకొని, నెలకొకసారి మన విద్యార్థులు అక్కడికి వెళ్ళి రోగులుగా, బంధువులుగా నటించవచ్చు. మన ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి ఘట్టాలు వ్రాయవచ్చు. వార్షికోత్సవ నాటకాలకు చూపే శ్రద్ధలో పదవ వంతు దీనికి చూపితే చాలును.

దీనివల్ల మేలు ఒకవైపే కాదు. నర్సింగ్ విద్యార్థినికి ఉర్దూలో పది మాటలు, పది మర్యాదలు అబ్బుతాయి. మన విద్యార్థికి, రోగి బంధువు వేషంలో అరచిన తరువాత, ఆ అరుపు అందుకొన్న పిల్ల ముఖం ఎట్లా ఉంటుందో కనబడుతుంది. రేపు తన తండ్రిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు అతని గొంతు తప్పక కొంత తగ్గుతుంది. సంఘర్షణ నివారణ నర్సు ఒక్కతె నేర్వవలసిన విద్య కాదనడానికి ఇంతకన్న నిదర్శనం లేదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి స్వల్పమైనది: ఒక గది, నెలకు ఒక మధ్యాహ్నం, రాకపోకల ఖర్చు. దీనిని ఒక సంవత్సరం పాటు నడిపించి, ఫలితం చూసి నిర్ణయించండి. తల్లిదండ్రులకు మా మనవి: నర్సింగ్ కు పంపిన ఆడపిల్లను అణకువ పేరుతో మూగదానిని చేయకండి. మర్యాదగా, నిలకడగా "ఆగండి" అనగలిగిన నర్సు వల్లనే ఒకనాడు మీ ప్రాణం నిలువవచ్చు.

ఇంట గెలిచి రచ్చ గెలవాలన్నారు మన పెద్దలు. తడబడడానికి, తప్పు చేయడానికి, మళ్ళీ మొదలుపెట్టడానికి అవకాశం ఉన్న చోటు తరగతి గది ఒక్కటే. వార్డులో ఆ అవకాశం లేదు. విద్యార్థినులారా, ఆ మొదటి తడబాటు రోగి మంచం దగ్గర కాకుండా ఇక్కడే, మన మధ్యనే జరిగిపోవాలని మేము కోరుతున్నాము.